మొదటి సర్ఫ్‌బోర్డు: 6 అడుగుల 2 అంగుళాలది చవకగా వస్తోంది, తీసుకోవచ్చా? (చెన్నై)

వేళచ్చేరి_కిరణ్
అందరికీ నమస్కారం. చెన్నై దగ్గరి కోవళంలో నాలుగు సర్ఫింగ్ క్లాసులయ్యాయి. నురుగులో నిలబడగలుగుతున్నా, విరగని అల ఇంకా అందలేదు. బరువు 74 కిలోలు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, ఈత బాగా వచ్చు. సొంత బోర్డుకి 30 వేల దాకా పెట్టగలను. పాత హార్డ్ బోర్డు ఒకటి 9 వేలకి ఇస్తామంటున్నారు. పొడవు 6 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు 18.75 అంగుళాలు, మందం 2.375 అంగుళాలు. చూడ్డానికి చాలా బాగుంది. తీసుకోమంటారా?

కోవళం_పొద్దు
వద్దు కిరణ్ గారూ. ధర మాట పక్కన పెట్టండి, ఆ బోర్డు మిమ్మల్ని మోయలేదు. లెక్క చూడండి. పొడవు 188 సెంటీమీటర్లు, వెడల్పు 47.6, మందం 6. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే సుమారు 54 లీటర్ల పెట్టె వస్తుంది. బోర్డు పెట్టెలా ఉండదు కదా, ముక్కు, తోక సన్నబడతాయి, అంచులు గుండ్రంగా ఉంటాయి. అందుకని ఇలాంటి పొట్టి, పలచటి షార్ట్‌బోర్డుకి ఆ 54ని 0.54తో గుణించాలి. 29 లీటర్లు వచ్చింది. బోర్డు మీద లీటర్లు రాసి లేనప్పుడు ఈ లెక్క బాగా పనికొస్తుంది. సాఫ్ట్‌టాప్‌ల (పైన మెత్తటి ఫోమ్ పొర ఉన్న బోర్డులు) అంచులు మొద్దుగా ఉంటాయి కాబట్టి వాటికి 0.65 నుంచి 0.75 దాకా వేసుకోవచ్చు.

మనిషి ఒళ్ళు నీళ్ళలో దాదాపు దానంతట అదే తేలుతుంది. కానీ బోర్డు మీద పడుకుని చేతులతో తెడ్డు వేసేటప్పుడు తల, భుజాలు, ఛాతీ, నడుము నీటి పైన ఉండాలి. ఆ బరువంతా బోర్డే మోయాలి. ఒక లీటరుకి ఒక కిలో అనుకోండి, అందులోంచి బోర్డు సొంత బరువు తీసేయండి. 29 లీటర్ల మీద మీరు పడుకుంటే ఛాతీ దాకా నీళ్ళొస్తాయి. ఎంత గట్టిగా చేతులాడించినా బోర్డు నీటిని తోసుకుంటూ పోతుందే గానీ పైకి లేచి జారదు. అల మీ కిందనుంచి దాటిపోతుంది. దాటకుండా పట్టాలంటే అది నిటారుగా లేచి విరగబోయే క్షణం వరకూ ఆగాలి. అక్కడ లేచి నిలబడటానికి అర సెకను కూడా దొరకదు. షార్ట్‌బోర్డుతో మొదలుపెట్టిన వాళ్ళలో చాలామంది ఆరు నెలలైనా నురుగులోనే ఉండిపోయేది ఇందుకే.

నేర్చుకునే దశలో బరువుని 1.1తో గుణించండి. మీకు 81 లీటర్లు. అంటే 8 అడుగుల సాఫ్ట్‌టాప్, వెడల్పు 22 నుంచి 23 అంగుళాలు, మందం 3 అంగుళాల పైన. ఆ కొలతల బోర్డులు సుమారు 75 నుంచి 86 లీటర్ల మధ్య దొరుకుతాయి.

వేళచ్చేరి_కిరణ్
అంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలండీ. ఒక సందేహం. లీటర్లే ముఖ్యమైతే 7 అడుగులది ఇంకా మందంగా తీసుకుంటే చాలదా? కారులో పెట్టుకోవడానికి తేలిక.

బ్రేక్‌వాటర్_సాంబ
చాలదు తమ్ముడూ. లీటర్లు మోస్తాయి, పొడవు వేగాన్నిస్తుంది, వెడల్పు నిలబడనిస్తుంది. పొట్టిగా, మందంగా ఉన్న బోర్డు మీద పడుకుంటే పడవలాగే తేలుతుంది, కానీ అల వేగాన్ని అందుకోవడానికి రెట్టింపు చేతులాడించాలి. మందం మూడున్నర దాటితే మరో చిక్కు. మీరు నీటికి మరీ ఎత్తులో ఉంటారు, బోర్డు ఇటూ అటూ దొర్లుతుంది, లేచేటప్పుడు అంచు పట్టుకోవడానికి చేతికి అందదు.

రాకర్ గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతా. బోర్డుని పక్కనుంచి చూస్తే అరటికాయలా కాస్త వంపు ఉంటుంది, అదే రాకర్. వంపు తక్కువైతే బోర్డు త్వరగా జారి, మెత్తటి అలని కూడా పట్టేస్తుంది. మరీ చదునైతే నిటారు అలలో ముక్కు గుచ్చుకుని మనిషిని ముందుకి విసిరేస్తుంది. మన చెన్నై తీరంలో ఇసుక చాలాచోట్ల ఒక్కసారిగా లోతుకి దిగుతుంది, అల ఒడ్డు దగ్గరే కూలుతుంది. కోవళంలో రాళ్ళ కొన పక్కన మాత్రం అల ఒక పక్కనుంచి వరసగా విరుగుతూ వస్తుంది, మొదటి బోర్డుకి అది మంచి చోటు. అందుకని తోక నుంచి నడిమి దాకా చదునుగా ఉండి, చివరి రెండడుగుల్లో ముక్కు బాగా పైకి లేచిన 8 అడుగుల బోర్డు చూసుకోండి. నేల మీద బోర్లా పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

లాంగ్‌బోర్డ్_వాసు
నా మాట వేరు. సాఫ్ట్‌టాప్ ఏడాదిన్నరకి పోతుంది, పైపొర ఊడుతుంది. అదే డబ్బుకి 8 అడుగుల పాత ఎపాక్సీ మినీమాల్ (ఎపాక్సీ రెసిన్ పూత ఉన్న, లాంగ్‌బోర్డు కన్నా కాస్త పొట్టి హార్డ్ బోర్డు) దొరికితే ఐదేళ్ళు వాడుకోవచ్చు, మలుపులు కూడా త్వరగా వస్తాయి. 74 కిలోలకి 8 అడుగుల 2 అంగుళాలు, 22.5 వెడల్పు, 62 నుంచి 68 లీటర్లు ఉన్నది నురుగు దాటిన వాళ్ళకి సరిపోతుంది.

బ్రేక్‌వాటర్_సాంబ
వాసు గారూ, నురుగు దాటిన వాళ్ళకి అన్నారు కదా, అక్కడే ఉంది అసలు సంగతి. కిరణ్ ఇంకా దాటలేదు. ఆదివారం పొద్దున కోవళంలో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. నడుము లోతు నీళ్ళలో పిల్లలు, పక్కన జాలర్ల ఫైబర్ పడవలు, వలలు. అదుపు లేని చేతిలో హార్డ్ బోర్డు వదిలేస్తే, గట్టి ముక్కు, అడుగున తోక దగ్గరుండే పదునైన ఫిన్‌లు (రెక్కలు) ఎవరి తలకి తగులుతాయో చెప్పలేం. సాఫ్ట్‌టాప్ తగిలినా దెబ్బే, కానీ కుట్లు పడే అవకాశం తక్కువ. ఇరవై పూటలు సాఫ్ట్ మీద చేయనివ్వండి.

లాంగ్‌బోర్డ్_వాసు
జనం సంగతి ఒప్పుకుంటాను. అయితే సాఫ్ట్‌టాప్ కొనేటప్పుడు లోపల బద్దలు ఉన్నాయో లేదో తప్పక అడగాలి. స్ట్రింగర్ అంటారు, ముక్కు నుంచి తోక దాకా పోయే చెక్క లేదా ఫైబర్ బద్ద. 8 అడుగుల దానికి కనీసం రెండు, మూడుంటే మంచిది. అవి లేని చవక బోర్డు పెద్దవాళ్ళ బరువుకి మధ్యలో వంగి, అడుగు ప్లాస్టిక్ మీద అడ్డంగా మడత గీత పడుతుంది. గీత పడ్డాక ఆ బోర్డు తిన్నగా పోదు.

అడయారు_మాధవి
నాదీ ఇదే ప్రశ్నండీ. 54 కిలోలు, 5 అడుగుల 2 అంగుళాలు. 8 అడుగులది చంక కింద పట్టడమే లేదు, గాలికి తిరిగిపోతోంది. నేనూ అదే కొనాలా?

కోవళం_పొద్దు
అక్కర్లేదు మాధవి గారూ. మీకు 7 అడుగుల నుంచి 7 అడుగుల 6 అంగుళాలు, 21 నుంచి 21.5 వెడల్పు, 58 నుంచి 62 లీటర్లు. చేయి బోర్డు అవతలి అంచుకి అందాలి, అది ముఖ్యం. పడుకున్నప్పుడు మోచేతులు అంచుకి ఒరుసుకుంటుంటే వెడల్పు ఎక్కువైనట్టు. మోయడానికి ఇసుక మీద తల మీద పెట్టుకుని రెండు చేతులా పట్టుకోండి, ముక్కు గాలికి ఎదురుగా ఉంచండి. పిల్లలకైతే 30 కిలోల లోపు వాళ్ళకి 6 అడుగుల సాఫ్ట్ చాలు.

వేళచ్చేరి_కిరణ్
షార్ట్‌బోర్డు వద్దని చెప్పేశాను. ఇప్పుడు 8 అడుగుల సాఫ్ట్‌టాప్ పాతది ఒకటి దొరికింది. మూడేళ్ళు వాడారట, 12 వేలు చెబుతున్నారు. శనివారం చూడ్డానికి వెళ్తున్నా. ఏమేం చూడాలి?

రెసిన్_చేతులు
ఇది నా పని, కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందు బరువు. బాత్రూమ్ తూకం మిషన్ తీసుకెళ్ళండి. బోర్డు పట్టుకుని నిలబడండి, తర్వాత ఒక్కరే నిలబడండి, తేడా రాసుకోండి. 8 అడుగుల సాఫ్ట్‌టాప్ సాధారణంగా 5 నుంచి 8 కిలోల మధ్య ఉంటుంది. అంతకన్నా ఎక్కువ చూపిస్తే లోపల నీళ్ళు ఉన్నాయని అనుమానించాలి. లోపలుండేది ఈపీఎస్, అంటే థర్మోకోల్ లాంటి పూసల ఫోమ్. పూస లోపలికి నీరు పోదు, పూసల మధ్య సందుల్లో చేరుతుంది. చేరాక బయటికి రావడం చాలా కష్టం. ఎక్కువగా ఫిన్ బోల్టుల దగ్గరా, లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) తగిలించే ప్లగ్ దగ్గరా చొరబడుతుంది. సాఫ్ట్‌టాప్‌లో ఫిన్‌లని పైనుంచి కిందకి బోల్టు పెట్టి బిగిస్తారు, అది వదులైతే ప్రతి అలకీ కాస్త కాస్త నీళ్ళు పీలుస్తుంది. ఒక బోల్టు విప్పి చూపించమని అడగండి. లోపలంతా పొడిగా ఉండాలి.

రెండోది పైపొర. బొటనవేలితో ఛాతీ ఆనే చోట, వెనక పాదం పడే చోట నొక్కండి. మెత్తగా ఉండటం దాని గుణమే. కానీ పొర కింద గాలి బుడగలా లేచి, నొక్కితే పక్కకి జరిగితే జిగురు వదిలిందన్న మాట. ఎండలో వదిలేసిన బోర్డుకి ఇది తప్పదు. వేలి మెటికలతో తట్టుకుంటూ పోండి. అతుక్కున్న చోట గట్టిగా పొట్టి శబ్దం, ఊడిన చోట డప్పులాంటి బోలు శబ్దం వస్తుంది. అరచేయంత బుడగ ఒకటుంటే పనికానివ్వొచ్చు. మూడు నాలుగు చోట్ల ఉంటే వదిలేయండి.

మూడోది అడుగు. వెలుతురుకి అడ్డంగా పట్టి కంటి ఎత్తులో చూడండి. మధ్యలో అడ్డంగా తెల్లటి మడత గీత ఉంటే స్ట్రింగర్ విరిగి ఉండొచ్చు. ముక్కునీ తోకనీ రెండు కుర్చీల మీద ఆనించి నడిమిన అరచేత్తో మెల్లగా నొక్కండి. కాస్త వంగి వెంటనే లేవాలి. ఒకే చోట కీలులా మడతపడితే ఆ బోర్డు అయిపోయినట్టే.

ఎవరైనా హార్డ్ బోర్డు చూస్తుంటే వాళ్ళకో మాట. పాదాల గుంటలు మామూలే, వాటికి భయపడొద్దు. పగుళ్ళు, ఫిన్ పెట్టె చుట్టూ గీతలు, పసుపు మచ్చ పక్కన మెత్తదనం, ఇవి చూడాలి. లోపలి ఫోమ్ ఏదో తప్పకుండా తెలుసుకోండి. పీయూ (పాలీయూరిథేన్) అయితే పాలియెస్టర్ రెసిన్‌తో గానీ ఎపాక్సీతో గానీ బాగు చేయొచ్చు. ఈపీఎస్ అయితే ఎపాక్సీ ఒక్కటే. పాలియెస్టర్ రెసిన్‌లో స్టైరిన్ ఉంటుంది, అది ఈపీఎస్‌ని ఐస్‌క్రీమ్‌లా కరిగించేస్తుంది. మన దగ్గర ఫైబర్ పడవలు బాగుచేసే వాళ్ళ చేయి చాలా మంచిది, కానీ వాళ్ళు రోజూ వాడేది పాలియెస్టర్. ఈపీఎస్ బోర్డు వాళ్ళకి ఇస్తే చిన్న చిల్లు కాస్తా గిన్నెంత గొయ్యి అవుతుంది. పగులులో తెల్లటి పూసలు కనిపిస్తే ఈపీఎస్. ఎండకి పసుపెక్కిన సన్నటి నురుగులా ఉంటే పీయూ. ఎండలో గట్టిపడే ట్యూబు రెసిన్ కొన్నా దాని మీద ఎపాక్సీ అని ఉందో లేదో చూసే వాడండి.

వేళచ్చేరి_కిరణ్
చూసొచ్చాను. తేడా 9.3 కిలోలు. నడిమి ఫిన్ బోల్టు విప్పితే చెమ్చాడు నీళ్ళు కారాయి. ఆరబెడితే సరిపోతుందని అమ్మేవారు అంటున్నారు.

రెసిన్_చేతులు
వదిలేయండి. బోల్టు రంధ్రం కిందకి పెట్టి నిలబెడితే వారాల తరబడి చుక్క చుక్క కారుతూనే ఉంటుంది, పూర్తిగా ఆరదు. తేమ ఉన్నంతకాలం ఎండకి లోపలి ఆవిరి పొరని లేపుతుంది. 12 వేలు కాదు, 3 వేలకైనా వద్దు.

ఈసీఆర్_నవీన్
కొనడానికి తొందరేముంది కిరణ్? కోవళంలోనూ మహాబలిపురంలోనూ బోర్డులు అద్దెకిస్తారు. ఒక ఎనిమిది పూటలు రకరకాల కొలతలు అద్దెకి తీసుకోండి. ప్రతిసారీ పొడవు, వెడల్పు, లీటర్లు, ఆ రోజు అల ఎత్తు ఫోనులో రాసుకోండి. ఎన్ని అలలు పట్టారో కూడా. నాలుగు వారాల్లో మీ కొలత మీకే తెలుస్తుంది.

అల ఎత్తొక్కటే చూడొద్దు, ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య వ్యవధి కూడా రాయండి. మీటరు ఎత్తు, 7 సెకన్ల వ్యవధి అంటే గాలి లేపిన అలజడి. అదే మీటరు 12 సెకన్లయితే దూరం నుంచి వచ్చిన పొంగు, చాలా బలంగా ఉంటుంది. మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) సముద్రపు అంచనాలు ఉచితంగా ఇస్తుంది, హెచ్చరిక ఉన్న రోజు నీళ్ళలోకి దిగొద్దు. నైరుతి కాలంలో పడమటి గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి పొద్దున అల ముఖం నున్నగా ఉంటుంది. సముద్రపు గాలి తిరిగాక అంతా చెదిరిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. అప్పుడు నేర్చుకునే వాళ్ళు ఒడ్డునే ఉండటం మేలు. ఇంకోటి, దగ్గరని మెరీనాలో ఎప్పుడూ ప్రయత్నించొద్దు. అక్కడి ప్రవాహం ఈత వచ్చిన వాళ్ళని కూడా లాక్కెళ్ళిపోయింది.

అడయారు_మాధవి
అపార్ట్‌మెంట్‌లో ఉండే వాళ్ళు ఎలా దాచుకుంటారు? మాది నాలుగో అంతస్తు.

ఈసీఆర్_నవీన్
కొనేముందు లిఫ్టు లోపలి ఎత్తు టేపుతో కొలవండి. 8 అడుగులంటే 244 సెంటీమీటర్లు, చాలా లిఫ్టుల్లో నిలువుగా పట్టదు, మూల నుంచి మూలకి వాలిస్తే పట్టొచ్చు. లేదంటే మెట్లే గతి. మీ 7 అడుగులది సాధారణంగా పట్టేస్తుంది. ఇంట్లో మంచం కింద గానీ గోడకి అడ్డంగా రెండు మెత్తటి కొక్కేల మీద గానీ పెట్టండి. పడమటి బాల్కనీ వద్దు. టైల్స్ మీద తోక ఆనించి నిలబెడితే జారి పడుతుంది, అంచు నొక్కుకుంటుంది.

ఎండలో ఆపిన కారు లోపల మాత్రం ఒక్క గంట కూడా వదలొద్దు. చెన్నై మే నెల ఎండకి బోర్డు లోపలి గాలి వ్యాకోచించి పొర లేస్తుంది. కొన్ని ఎపాక్సీ బోర్డులకి లోపలి గాలి పోవడానికి చిన్న మర (స్క్రూ) ఉంటుంది, చేత్తో తిప్పేదైతే ఎండలోనూ విమానంలోనూ వదులు చేసి, నీళ్ళలోకి దిగేముందు మళ్ళీ బిగించాలి. మరిచిపోతే బోర్డు నీళ్ళు తాగుతుంది.

కారు పైన కట్టేటప్పుడు కామ్ బకిల్ పట్టీలు (చేత్తో లాగి బిగించేవి) వాడండి, లారీలకి వాడే రాట్చెట్ (పిడి తిప్పి బిగించేది) వద్దు, బిగుతు ఎక్కువై అంచు నలుగుతుంది. డెక్ (మనం నిలబడే వైపు) కిందకి, ఫిన్‌లు పైకి, తోక ముందుకి. పట్టీని ఒక మెలిక తిప్పితే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వేగంలో బుర్రుమని మోగదు.

వేళచ్చేరి_కిరణ్
నవీన్ గారు చెప్పినట్టే ఐదు వారాలు అద్దెకి తీసుకున్నా. 7 అడుగుల 6 అంగుళాల దాని మీద పూటకి రెండు మూడు అలలు, 8 అడుగుల మీద తొమ్మిది పది. 9 అడుగుల మీదా పదే, కానీ తిప్పుకోవడం కష్టమైంది. ఇప్పుడు 8 అడుగులది, 22.5 వెడల్పు, 3.25 మందం, 80 లీటర్లు, ఏడాది వాడినది 19 వేలకి తీసుకున్నా. తూకం 6.4 కిలోలు, బోల్టు లోపల పొడి, మూడు స్ట్రింగర్లు. దాంతో 6 అడుగుల లీష్ ఒకటి ఇచ్చారు. అది సరిపోతుందా?

బ్రేక్‌వాటర్_సాంబ
మంచి బోర్డు కొన్నావు తమ్ముడూ. ఆ లీష్ మాత్రం మార్చేయి. లీష్ కనీసం బోర్డంత పొడవుండాలి. 8 అడుగులకి 8 అడుగులది, 7 మిల్లీమీటర్ల మందం. పొట్టిదైతే పడ్డాక లీష్ రబ్బరులా సాగి, బోర్డు నీ మీదికే తిరిగొస్తుంది. వెట్‌సూట్లకి పేరుపడ్డ జాక్ ఓనీల్ 1971లో లీష్ వల్లే ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. అందుకే పడ్డాక వెంటనే తల పైకెత్తకు. ముందు రెండు చేతులూ తల చుట్టూ కప్పుకుని, ఆ తర్వాత పైకి రా. పట్టీ వెనక పాదానికి కట్టాలి. ఎడమకాలు ముందుంటే కుడి చీలమండకి.

అల వచ్చేటప్పుడు బోర్డుని నీకూ అలకీ మధ్య అడ్డంగా పట్టుకోకు, ముక్కు అలకెదురుగా తిప్పి పక్కన నిలబడు. ఒడ్డుకి వచ్చేటప్పుడు తొడల లోతు నీళ్ళలోనే దిగిపో. ఇసుకని తాకేదాకా పోతే ఫిన్‌లు విరుగుతాయి, బోల్టు రంధ్రాలు సాగి నీళ్ళకి దారి ఇస్తాయి.

అడయారు_మాధవి
వ్యాక్స్ సాఫ్ట్‌టాప్‌కి కూడా రాయాలా?

లాంగ్‌బోర్డ్_వాసు
చాలా సాఫ్ట్‌టాప్‌లకి పలచగా రాయాలి. మన నీళ్ళు ఏడాదంతా వెచ్చగానే ఉంటాయి కాబట్టి ట్రాపికల్ అని రాసి ఉన్నదే కొనండి. చల్లటి నీళ్ళకి చేసినది ఇక్కడ జారుడు జిడ్డు అయిపోతుంది. కొవ్వొత్తి మైనం అసలు వద్దు, కాలు నిలవదు. చిన్న చిన్న సున్నాలు చుడుతూ, చేతికి బొడిపెలు తగిలేదాకా రాయండి. ఛాతీ దగ్గర తక్కువ, పాదాల చోట ఎక్కువ. పైన నిండు చేతుల లైక్రా తొడుక్కోండి, లేకపోతే రెండో రోజుకే పొట్ట మీద చర్మం ఒరుసుకుపోతుంది. ఇంటికొచ్చాక మంచి నీళ్ళతో కడగండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే పేటల్లో మెట్రో నీళ్ళు (నగర కొళాయి నీళ్ళు) ఒక మగ్గు ఆఖరున పోస్తే బోల్టులు తుప్పు పట్టవు.

కోవళం_పొద్దు
కిరణ్ గారూ, కొత్త లీష్ కట్టేటప్పుడు దాన్ని ప్లగ్‌కి కలిపే చిన్న తాడు పొడవు చూసుకోండి, చాలామంది అక్కడే పొరపాటు చేస్తారు. ప్లగ్ లోపలి అడ్డకడ్డీ కిందనుంచి తాడు మడతని దూర్చి, రెండు కొసలనీ ఆ మడతలోంచి లాగి బిగించండి. తర్వాత లీష్ చివరి వెడల్పాటి పట్టీని ఆ తాడులోంచి పోనిచ్చి వెల్‌క్రో మూసేయండి. ఇప్పుడు లీష్‌ని తోక మీదుగా కిందకి లాగి చూడండి. బోర్డు అంచుకి తగిలేది ఆ వెడల్పాటి పట్టీ అయి ఉండాలి. సన్నటి తాడే అంచు దాటి వేలాడుతుంటే, మీరు పడ్డ ప్రతిసారీ అది రంపంలా మెత్తటి ఫోమ్‌ని కోసుకుంటూ పోతుంది. తాడుని ఇంకో ముడి వేసి పొట్టి చేయండి, అప్పుడు నీళ్ళలోకి దిగండి.